కొట్టం కప్పు గాలికి ఎట్ల లేస్తది? తుఫాన్లకు, గాలిదుమారాలకు ఆగే కట్టడం

ఈసారి వీడియోలో జీవామృతం ముచ్చట లేదు. మేడిపల్లిలో మా కొట్టం కప్పు మళ్లీ ఎట్ల కట్టుకున్నమో చూపించిన. వీడియోలో చెప్పలేకపోయిన లెక్కలు, కారణాలు ఇక్కడ రాస్తున్న.

తుఫాను అంటే సముద్రం పక్కనోళ్ల బాధ అని నేనూ అనుకునేటోణ్ని. కానీ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుఫాను, బలం తగ్గి తెలంగాణ మీదుగానే పడమటికి పోయింది. అరేబియా సముద్రంలో మళ్లీ లేచి, షాహీన్ అనే పేరుతో ఒమన్ దాకా పోయింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటితే, తెల్లారి వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లల్ల ఉన్నయి. తుఫానుకు బలం వేడి సముద్రం మీది ఆవిరి. నేల ఎక్కినంక ఆ మేత దొరకదు కాబట్టి గాలి తగ్గుతది, మోసుకొచ్చిన నీళ్లు మాత్రం మన కల్లాల మీద కుమ్మరిస్తది.

మనకు గాలి దెబ్బ ఎక్కువగా ఎండకాలం తగుల్తది. పసుపు ఎండబోసినప్పుడు, మామిడి కాయ మీద ఉన్నప్పుడు వచ్చే గాలిదుమారం. అది తుఫాను కాదు, ఉరుముల మబ్బు నుంచి ఒక్కసారిగా దిగే గాలి. ఎక్కడి నుంచి వచ్చినా రేకును లేపే తీరు ఒకటే.

మా కొట్టం అట్లనే పోయింది. సాయంత్రం పడమటి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. అమ్మ ఆరేసిన బట్టలు తీద్దామని మంచం మీద నుంచి లేచి నాలుగడుగులు వేసిందో లేదో, ఒక రేకు ఇనుప పైపుతో సహా వచ్చి ఆ మంచం మీదనే పడ్డది. నులక తెగిపోయింది. విత్తనానికి దాచిన పసుపు కొమ్ములు సగం తడిసినయి. పసుపు పోతే పోనీ, ఆ మంచం మాత్రం ఇప్పటికీ కండ్ల ముందర కనబడ్తది.

తెల్లారి చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. రేకుకు, పైపుకు నడుమ బోల్టులు ఒక్కటి కూడా ఊడలేదు. మేస్త్రీ గట్టిగనే బిగించిండు. కానీ ఆ పైపు గోడ మీద ఊరికె పెట్టి, చుట్టూ ఇంత సిమెంటు పూసి ఉన్నది. అందుకే అన్నీ కలిసి లేచినయి. గాలి కప్పును కిందికి నొక్కుతదని, బరువు పెడితే ఆగుతదని మనం అనుకుంటం. కప్పు మీద నుంచి వేగంగా పోయే గాలి నిజానికి దాన్ని పైకి గుంజుతది.

లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 30 కిలోల బలం వస్తది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకు మీద అది దాదాపు క్వింటా. ఆ రేకు బరువేమో 15 కిలోల చుట్టుపక్కల. గాలి వేగం రెండింతలైతే బలం నాలుగింతలు అయితది. అంటే 160 కిలోమీటర్ల గాలికి ఒక్కో రేకు మీద నాలుగు క్వింటాళ్ల దాకా. 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ గాలి అంతకంటే ఎక్కువే. ఇప్పుడు చెప్పండి, రేకు మీద నాలుగు బండలు పెడితే ఏం ఆగుతది? పైగా ఆ బండలే లేచి మనిషి మీద పడ్తయి.

నేను చేసిన ఇంకో తప్పు, మూడు దిక్కుల గోడ పెట్టి పడమర వదిలేయడం. బండి రావడానికి అటు దిక్కు సులువు అని. గాలి లోపలికి జొరబడి బయటికి తొవ్వ లేక కప్పును కింద నుంచి కూడా తోసింది. పైన గుంజుడు, కింద తోపుడు. ఇప్పుడు పడమర గోడ కట్టి, తూర్పు దిక్కు తెరిచిన. ఒకవేళ గాలి లోపలికి వచ్చినా పోనీకి కిటికీలు ఎదురెదురుగా పెట్టిన.

కప్పును నేల దాకా గొలుసు లెక్క కట్టాలె. ఒక్క కొండి వదులైనా మొత్తం పోతది. గుంజలు మూడడుగుల లోతు గుంతలో కాంక్రీటులో నిలబెట్టినం. గోడల పైన చుట్టూ ఇనుప సీకులతో కాంక్రీటు పట్టీ పోసినం. పైపులను ఆ పట్టీకి, గుంజలకు ఇనుప పట్టీలు వంచి బోల్టులతో బిగించినం. రేకులకు జె బోల్టులు, రబ్బరు వాషర్లతో. అంచులు, మూలలు, నడి కొప్పు దగ్గర గాలి గుంజుడు ఎక్కువ, అక్కడ మిగతా చోట్ల కంటే రెండింతల బోల్టులు పెట్టినం. వాలు కూడా పెంచినం, కొప్పు నుంచి అంచుకు పది అడుగులుంటే ఐదు అడుగుల ఎత్తు. వాలు తక్కువున్న కప్పే గాలికి తొందరగా లేస్తది.

చూరు దగ్గర ఒక చిక్కుంది. మట్టిగోడ ఉన్నోళ్లకు ముసురు నుంచి గోడ కాపాడాలంటే చూరు పొడుగు కావాలె. గాలికేమో పొడుగు చూరే మొదలు దొరుకుతది. ఇంటి చూరు అడుగున్నర దాటనీయొద్దు. వసారా కావాలంటే దాని కప్పు వేరుగా వేసుకోవాలె. వసారా లేచిపోయినా ఇల్లు నిలబడ్తది. గోడ అడుగున రెండడుగులు రాతి కట్టు ఉంటే నీళ్ల చినుకు ఎగిరి మట్టిని తినదు.

ఈ పని చేస్తున్నప్పుడు శ్రీకాకుళం, విశాఖ దిక్కు చుట్టిళ్లు గుర్తుకొచ్చినయి. గుండ్రటి మందపు మట్టిగోడ, నిటారు వాలుతో తాటాకు కప్పు, నడుము వంచి లోపలికి పోవాల్సినంత కిందికి దిగిన చూరు. గాలికి ఎదురుగా చదును గోడ లేదు, పట్టుకోనీకి మూల లేదు, జారి పక్కకు పోతది. చూరు అంత పొడుగున్నా నేలకు దగ్గరగా ఉండబట్టి కిందికి గాలి దూరదు. అయితే ఏ ఇల్లయినా గాలికే. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మందిని తీసుకపోయింది ఉప్పెన. అక్కడ ఎత్తు మీద కట్టిన తుఫాను షెల్టరుకు ముందే పోవుడు తప్ప వేరే తొవ్వ లేదు.

చెట్ల సంగతి. గట్టు మీద వరుసగా పెంచిన చెట్లు వాటి ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి వేగం తగ్గిస్తయి. ఐదంచెల పంట వేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. గోడ లెక్క కిక్కిరిసి ఉండొద్దు, గాలి కొంత వడకట్టినట్టు పోవాలె. ఇంటికి మాత్రం చెట్టు ఎత్తు అంత దూరం ఉంచండి. ఇంటి మీదికి వంగిన కొమ్మలు ఎండకాలం ముందే నరికేయండి.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిందంటే నేను మొదలు విత్తనం అటకెక్కిస్తా, ఘనజీవామృతం బస్తాలు పలక మీద పెడ్తా, విడి రేకులు, డ్రమ్ములు తాడుతో కట్టేస్తా. టార్పాలిన్ మీద బండలు కాదు, అంచులకు తాడు వేసి మేకులకు కట్టాలె. ఆ రోజుకు కషాయం పిచికారీ బంద్.

కొట్టం అయింది కానీ ఇంటి ముందరి వసారా రేకులకు ఇంకా పాత మేకులే ఉన్నయి. పసుపు ఉడకబెట్టే పని మొదలయ్యేలోపు అది కూడా చేయాలె. అప్పటిదాకా అమ్మ మంచం లోపలి అర్రలోకి మార్చినం.