ప్రొజెక్టరు గదిలో సంక్రాంతి

సంక్రాంతి అనగానే మీకేం గుర్తొస్తుంది? ముగ్గులూ, గొబ్బెమ్మలూ, హరిదాసూ, అరిసెలూ... అవన్నీ సరేనండీ, నిజం చెప్పండి! అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది కొత్త సినిమా కాదూ?

ఆ మాటకొస్తే మన తెలుగువాళ్ళకి సినిమా చూడనిదే పండగ పూర్తి కాదు. 1977 జనవరి 14న "దానవీరశూర కర్ణ", "కురుక్షేత్రం" ఒకేరోజు రంగంలోకి దిగాయి. మీ తాతయ్యని కదిపి చూడండి, ఏ సినిమా గొప్పదో ఇప్పటికీ గంటసేపు వాదిస్తారు. 2003లో "ఒక్కడు", 2020లో ఒక్కరోజు తేడాతో "సరిలేరు నీకెవ్వరు", "అల వైకుంఠపురములో", మొన్న 2025లో "సంక్రాంతికి వస్తున్నాం"... చెప్పుకుంటూ పోతే ఈ పేజీలు చాలవు.

ఈ సినిమాల హీరోల గురించీ, హీరోయిన్ల గురించీ, కలెక్షన్ల గురించీ నేను చాలానే రాశాను. ఈసారి మాత్రం ఒక బాకీ తీర్చుకోవడానికి కలం పట్టాను. ఇరవై రెండేళ్ళ బాకీ!

లైన్లో పోయిన ఇరవై రూపాయలు

మాది గోదావరి జిల్లాలో ఓ చిన్న టౌను. 2003 జనవరి 15న "ఒక్కడు" విడుదలైంది. అప్పటికి నాకు పదమూడేళ్ళు. పండక్కొచ్చిన మావయ్య చేతిలో పెట్టిన ఇరవై రూపాయలు జేబులో వేసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, ఫస్ట్‌షోకి పరిగెత్తాను.

హాలు ముందు ఇసకేస్తే రాలని జనం. బుకింగ్ దగ్గర ఇనపకటకటాల మధ్య లైను. నన్ను ముందుకి తోశారో, పైకి ఎత్తారో, నాకే తెలీదు! తీరా కిటికీ దగ్గరికి చేరి జేబులో చెయ్యి పెడితే... డబ్బుల్లేవు. జేబూ లేదు, చిరిగిపోయింది. అంతలో హౌస్‌ఫుల్ బోర్డు కూడా పెట్టేశారు.

ఇంటికెళ్తే చొక్కా చింపుకున్నందుకు తన్నులు ఖాయం. సైకిల్ స్టాండు పక్కనున్న మెట్లమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. టిఫిన్ క్యారేజీ పట్టుకుని మెట్లెక్కుతున్న ఓ మనిషి ఆగాడు. ఖాకీ నిక్కరు, చెమటతో తడిసిన బనీను. ఆ హాలు ఆపరేటరు!

"ఏరా, ఎందుకేడుస్తున్నావ్?" అన్నాడు. చెప్పాను. "సరే, పైకి రా. దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. అంతే!

క్యారేజీలో రెండు అరిసెలు

ప్రొజెక్టరు గది మీరెప్పుడైనా చూశారా? అప్పట్లో అదో కొలిమి. మా ఊరి హాల్లో అప్పటికింకా కార్బన్ కడ్డీలతోనే వెలుగు. కడ్డీలు కాలుతూ అరుగుతుంటే వాటిని జరుపుతూ ఉండాలి. లేకపోతే తెరమీద బొమ్మ మసకబారుతుంది, కింద ఈలలు మొదలవుతాయి. పక్కపక్కనే రెండు ప్రొజెక్టర్లు. ఇరవై నిమిషాలు తిరిగేసరికి ఒకదాన్లో రీలు అయిపోతుంది. అయిపోబోయే ముందు తెరమీద కుడివైపు పైమూల ఓ చిన్న చుక్క మెరుస్తుంది. ఆ చుక్క కనబడగానే రెండో ప్రొజెక్టరు మొదలుపెట్టాలి. రెప్ప వేస్తే చుక్క పోతుంది, చుక్క పోతే బొమ్మ ఆగుతుంది!

నన్ను రీళ్ళ డబ్బామీద కూర్చోబెట్టి, గోడకున్న చిన్న కిటికీ చూపించాడు. జానెడు కూడా లేని ఆ కిటికీలోంచి చూశాను నేను "ఒక్కడు" సినిమా. ఛార్మినార్ సెట్టూ, కబడ్డీ కోర్టూ, అన్నీ అందులోంచే!

ఇంటర్వెల్లో ఆయన క్యారేజీ విప్పాడు. పులిహోర, మినప గారెలు, రెండు అరిసెలు. పండగపూట ఇంటికెళ్ళి తినే తీరికలేక ఇంటినుంచి తెప్పించుకున్న భోజనం అది. అరిసెలు రెండూ నాకే ఇచ్చాడు. "మా ఇంట్లో బోల్డున్నాయి, తిను" అన్నాడు. నేను నిజమే అనుకున్నాను. తిన్నాను. ఆట అయ్యాక ఓ ఫిలిం ముక్క కూడా చేతిలో పెట్టాడు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని మెట్లు దిగి ఒకటే పరుగు... ఒక్క మాట, "వెళ్ళొస్తాను బాబాయ్" అని కూడా అనలేదు!

పెద్ద దానాలు, చిన్న దానాలు

సినిమావాళ్ళ దాతృత్వం గురించి మీరు చాలా చదివే ఉంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తోటి నటీనటులతో ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. 2014లో విశాఖని హుద్‌హుద్ తుపాను కుదిపేస్తే "మేము సైతం" అంటూ పరిశ్రమంతా ఒక వేదిక ఎక్కింది. 2020లో కరోనాతో షూటింగులు ఆగిపోయినప్పుడు చిరంజీవి ముందుండి నడిపిన నిధితో సినీ కార్మికుల ఇళ్ళకి బియ్యం, పప్పులు చేరాయి. చేతులెత్తి మొక్కాల్సిన పనులే ఇవన్నీ.

కానీ ఆ రెండు అరిసెల సంగతి ఏ పత్రికలో వస్తుంది చెప్పండి? వెయ్యి ఉన్నవాడు వంద ఇవ్వడం ఒక ఎత్తు. రెండుంటే రెండూ ఇచ్చేయడం ఇంకో ఎత్తు!

కనుమనాడు కాకి కదిలింది

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. కానీ 2025 కనుమనాడు నేను కదిలాను. కనుమ అంటే ఏమిటి? ఏడాదంతా అరక లాగిన ఎద్దుకి రైతు కృతజ్ఞత చెప్పుకునే రోజు. పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో గంటలు కడతారు. పొద్దున్నే మా వీధిలో ఆ వేడుక చూస్తుంటే ఎందుకో ఆ ప్రొజెక్టరు గది గుర్తొచ్చింది. మన పండగలన్నీ లాగిన మనిషికి కనుమ ఏదీ?

హాలు లేదు. దాని స్థానంలో కల్యాణమండపం లేచింది. పక్కనే ఉన్న కిళ్ళీకొట్టతను దారి చెప్పాడు. రెండు వీధుల అవతల పెంకుటిల్లు. అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్నాడు ఆయన. జుట్టు నెరిసింది, మనిషి సగమయ్యాడు.

"బాబాయ్, నేనండీ... 'ఒక్కడు' సినిమా... అరిసెలు..." అంటూ గడగడా చెప్పేశాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, "గుర్తులేదు బాబూ! అలా ఎంతమందిని కూర్చోబెట్టానో, లెక్కేముంది?" అన్నాడు.

నా గుండెలో ఏదో కలుక్కుమంది. ఇన్నేళ్ళూ నేను దాచుకున్నది ఆయన అక్కడే మర్చిపోయాడు! తర్వాత ఆలోచిస్తే అనిపించింది, ఇచ్చినవాడు మర్చిపోవాలి, పుచ్చుకున్నవాడు గుర్తుంచుకోవాలి. మా ఇద్దర్లో తన పని సరిగ్గా చేసింది ఆయనే.

పిన్నిగారు కాఫీ తెచ్చారు. కబుర్లు మొదలయ్యాయి. ఆయన ఈ పనిలో చేరింది రీళ్ళు చుట్టే కుర్రాడిగా. చేరాక పెద్ద పండగ సినిమా "దానవీరశూర కర్ణ" అట. "దగ్గర దగ్గర నాలుగ్గంటల సినిమా బాబూ! ఓ ఆట వదిలేసరికి ఇంకో ఆటకి జనం సిద్ధం. ఆ పండక్కి నేను ఇల్లు చూస్తే ఒట్టు" అని నవ్వాడు. తర్వాత డిజిటల్ వచ్చింది. రీళ్ళు పోయాయి, ఆయన పనీ పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

పిన్నిగారు అందుకున్నారు. "ముప్ఫై అయిదేళ్ళపైన ఊరందరికీ సినిమాలు చూపించారు. నా పక్కన కూర్చుని పండగ సినిమా ఒక్కటి చూసింది లేదు!"

మూడు టిక్కెట్లు

సాయంత్రం మేం ముగ్గురం "సంక్రాంతికి వస్తున్నాం" సినిమాకి వెళ్ళాం. ఆయన వద్దన్నాడు, మోకాళ్ళ నొప్పులన్నాడు. పిన్నిగారు అప్పటికే పట్టుచీర కట్టేసుకున్నారు!

వెంకటేష్ వచ్చినప్పుడల్లా హాలు గొల్లుమంటోంది. పిన్నిగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆయన మాత్రం నవ్వుతూ నవ్వుతూనే ఉండుండి తెర కుడివైపు పైమూలకి చూస్తున్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది... చుక్క! ఎప్పటికీ రాని ఆ చుక్క కోసం చూస్తున్నాడు.

"ఇంక అది రాదు బాబాయ్" అన్నాను మెల్లగా. "తెలుసు బాబూ, కళ్ళకి తెలీదు కదా!" అన్నాడు.

ఇంటర్వెల్లో లేచి ఎటో వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. మెట్లెక్కి, కేబిన్ తలుపు తట్టి, లోపలున్న కుర్రాడి చేతిలో ఓ పొట్లం పెడుతున్నాడు. "ఇవాళ ఇంటికెళ్ళుండవు. అరిసెలు. మా ఇంట్లో బోల్డున్నాయి, తిను" అన్నాడు.

ఆ కుర్రాడు "థ్యాంక్స్ తాతా" అన్నాడు. నా నోటినుంచి ఇరవై రెండేళ్ళపాటు రాని మాట, వాడు ఎంత తేలిగ్గా అనేశాడో!

మీకో చిన్న మనవి

మిత్రులారా! వచ్చే పండక్కి కూడా మీరు కొత్త సినిమాకి వెళ్తారు. ఈలలు వెయ్యండి, కాగితాలు ఎగరెయ్యండి, మీ హీరో కటౌటుకి దండలూ వెయ్యండి. నేను కాదనను, నేనూ వేసినవాణ్ణే. కానీ ఆ కాగితాలు మర్నాడు పొద్దున్న ఊడ్చే అమ్మ ఒకావిడ ఉంటుంది. టార్చిలైటుతో మీ సీటు చూపించే మనిషి ఒకాయన ఉంటాడు. సైకిల్ స్టాండు దగ్గర అర్ధరాత్రిదాకా చలిలో నిలబడే కుర్రాడుంటాడు. మీకు పండగయిన ప్రతిరోజూ వాళ్ళకి రెండింతల పని.

వెళ్ళేటప్పుడు జేబులో నాలుగు అరిసెలు వేసుకెళ్ళండి. అవీ లేకపోతే ఒక్క మాట చాలు. నాలాగా ఇరవై రెండేళ్ళు ఆగకండి. అందరి బాబాయిలూ మీకోసం అరుగుమీద కూర్చుని ఎదురుచూస్తూ ఉండరు.

ఆయనిచ్చిన ఫిలిం ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. రంగు వెలిసి, బొమ్మ ఎవరిదో కూడా తెలీడం లేదు. సినిమా పూర్తయ్యాక దాన్ని తీసి ఆయనకి చూపించాను. వెలుగుకి ఎత్తిపట్టి, ఓ కన్ను మూసి చూసి, నా చేతిలోనే పెట్టేశాడు.

"ఉంచుకో బాబూ. నా దగ్గర బోల్డున్నాయి!" అన్నాడు.

ఈసారి నేను నమ్మలేదు.