‘ఖత్రా’ ఖతర్నాక్ కావొద్దు!

కన్ను ఎర్రబడగానే పెట్టెలోని సీసా తీస్తున్నారా? ఒక్క క్షణం ఆగండి

మా గదిలో ఎనిమిది మందిమి. రెండంతస్తుల మంచాలు, ఒక ఫ్రిజ్, ఒక అద్దం, తలుపు వెనక ఒకే మేకుకు వేలాడే నాలుగు తువ్వాళ్లు. గల్ఫ్ క్యాంపు బతుకు తెలిసిన వాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఒక శుక్రవారం పొద్దున మాలో అందరికన్నా చిన్నవాడు, ట్రెయిలర్ నడిపే తమ్ముడు, ఎడమ కన్ను ఎర్రగా పెట్టుకుని లేచాడు. ఒకటే నీళ్లు కారడం, ఇసుక పడ్డట్టు గరగర. అంతకు ముందు వారమే జ్వరం వచ్చి తగ్గింది. పెదవి పక్కన పొక్కులు ఇంకా మానలేదు.

“ఏం గాదు తమ్మీ, కండ్లకలక. ఇది ఏసుకో, రెండు దినాల్ల తక్కువైతది” అని మాలో పెద్దాయన ఊరి నుంచి తెచ్చుకున్న పెట్టె తెరిచి ఓ చిన్న సీసా ఇచ్చాడు. మేమూ సరేనన్నాం. డాక్టర్ దగ్గరికి పోతే ఒక రోజు జీతం పోతుందన్న లెక్క మా అందరి మనసులోనూ ఉంది.

రెండు రోజులు నిజంగానే ఎరుపు తగ్గింది. ఐదో రోజుకు తమ్ముడు లైటు వెలుగు చూడలేకపోయాడు. ఎదురుగా ఉన్న మనిషి మసకమసగ్గా కనబడుతున్నాడన్నాడు. అప్పుడు పరుగెత్తాం ఆసుపత్రికి. డాక్టర్ కంట్లో నారింజ రంగు మందు వేసి, నీలం లైటు పెట్టి చూశారు. నల్లగుడ్డు మీద పుండు పచ్చగా మెరిసింది. మొదట్లో చెట్టు కొమ్మల్లా సన్నగా ఉండాల్సిన పుండు అప్పటికే వెడల్పయింది. ఆయన సీసా చేతిలోకి తీసుకుని చదివి, “ఇందులో స్టెరాయిడ్ ఉంది. వైరస్‌కు మేత వేసినట్టే” అన్నారు.

అరబీలో కంటి చుక్కల మందును ‘ఖత్రా’ అంటారు. మన హైదరాబాదీ మాటలో ఖత్రా అంటే ప్రమాదం. ఆ రోజు మాకు రెండర్థాలూ ఒకేసారి తెలిసొచ్చాయి.

ఎరుపు ఒకటే, రోగాలు వేరు

మనం కండ్లకలక అని పిలిచేది ఎక్కువసార్లు అడినోవైరస్ వల్ల వస్తుంది. ముందు ఒక కంటికి, ఆ తర్వాత రెండో కంటికి అంటుకుంటుంది. నీళ్లు కారడం, పొద్దున రెప్పలు అతుక్కోవడం, కొందరికి గొంతునొప్పి ఉంటాయి. 2023 వర్షాకాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంటింటికీ తిరిగిన కలకలు గుర్తున్నాయి కదా. దీనికి వైరస్‌ను చంపే ప్రత్యేకమైన చుక్కల మందు లేదు. చల్లని గుడ్డ కాపడం, కంటికి తడినిచ్చే చుక్కలు చాలు. వారం నుంచి మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

మా తమ్ముడికి వచ్చింది అది కాదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వేరే వైరస్. జ్వరం తర్వాత పెదవి మీద పొక్కులు తెప్పించేది కూడా ఇదే. చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరి నరాల్లో నిద్రపోతూ ఉంటుంది. జ్వరం, మండే ఎండ, ఒత్తిడి లాంటివి దాన్ని నిద్ర లేపుతాయి. మన పని చోట్ల వీటికి కొదవ లేదు. సాధారణంగా ఒకే కంటికి వస్తుంది. నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది. నిర్లక్ష్యం చేస్తే మచ్చ మిగిలి చూపు తగ్గుతుంది. యాంటీవైరల్ మందు పనిచేసేది ఈ రోగం మీద.

అసిక్లోవిర్ లాంటి మందు హెర్పిస్ వైరస్ చేరిన కణాల్లోకి వెళ్లాక, ఆ వైరస్ తయారుచేసుకున్న ఎంజైమ్ వల్లే చురుకుగా మారి దాని పెరుగుదలను ఆపుతుంది. అడినోవైరస్ దగ్గర ఆ ఎంజైమ్ లేదు. అందుకే ఒకరికి పనిచేసిన మందు పక్క మంచం వాడికి పనికి రాకపోవచ్చు. ఏ వైరస్సో అద్దంలో చూసుకుని మనం చెప్పలేం. నీలం లైటు కింద డాక్టరే చూడాలి.

స్టెరాయిడ్ ఎందుకు మోసం చేస్తుంది?

స్టెరాయిడ్ చుక్కలు ఎరుపునూ మంటనూ చప్పున తగ్గిస్తాయి. మనం నయమైందనుకుంటాం. లోపల మాత్రం కంటి రక్షణ తగ్గి, వైరస్ పుండును పెంచుకుంటూ పోతుంది. ముదిరితే నల్లగుడ్డుకు చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు రావచ్చు.

మీ పెట్టెలో సీసా ఉంటే లేబుల్ చదవండి, లేదా చదివించండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి కూడా అమ్ముతారు. డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. కొన్నిసార్లు యాంటీవైరల్‌తో పాటు డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు. అది పరీక్ష చేసి, లెక్కగా ఇచ్చేది. దాన్ని సొంతంగా ఆపకూడదు కూడా.

మందు వాడే పద్ధతి

హెర్పిస్ పుండుకు డాక్టర్లు ఎక్కువగా రాసేవి అసిక్లోవిర్ 3 శాతం ఆయింట్‌మెంట్, గాన్‌సిక్లోవిర్ 0.15 శాతం జెల్. రెండూ మామూలుగా రోజుకు అయిదుసార్లు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని ఫోన్‌లో అలారం పెట్టుకుంటే డ్యూటీలోనూ మర్చిపోరు. కన్నీళ్లు మందును త్వరగా కడిగేస్తాయి, అందుకే అన్నిసార్లు వేయాలి.

నొప్పి తగ్గింది కదా అని మూడో రోజు మానేయొద్దు. పుండు మానాక అసిక్లోవిర్ ఇంకో మూడు రోజులైనా కొనసాగించాలి. గాన్‌సిక్లోవిర్ అయితే పుండు మానాక రోజుకు మూడుసార్లు చొప్పున ఏడు రోజులు వాడమంటారు. అలాగని నెలల తరబడి వాడినా ఆ మందే కంటి పైపొరను దెబ్బతీస్తుంది. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టర్ మాటే.

వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ కింది రెప్పను కొద్దిగా లాగండి. అక్కడ ఏర్పడే సంచిలో ఒక్క చుక్క, ఆయింట్‌మెంట్ అయితే ఒక సెంటీమీటరు పొడవు చాలు. ట్యూబు మూతి కంటికి, రెప్పకు, వేలికి తగలకూడదు. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివరనే. ఒకసారి మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండింతలు వేయొద్దు.

వేసిన వెంటనే కొద్దిగా మంట పుట్టడం మామూలే. చూపు కాసేపు మసకబారుతుంది. తేటపడేదాకా స్టీరింగ్ పట్టొద్దు, పరంజా ఎక్కొద్దు. మంట తగ్గకపోయినా, రెప్పలు వాచినా డాక్టర్‌కు చెప్పండి. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. మాత్రలు కూడా రాస్తే నీళ్లు బాగా తాగండి. ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు బరువు.

మందును వ్యాన్ డ్యాష్‌బోర్డు మీద, సైట్ బ్యాగులో పెట్టొద్దు. మన దగ్గర వేసవిలో ఆ వేడికి మందు పాడవుతుంది. మూత తీసిన తేదీ డబ్బా మీద రాసుకోండి. చాలా కంటి మందులు తెరిచిన నెలకే పారేయాలి. మిగిలింది పక్కవాడికి ఇవ్వడం, దాచి వచ్చే ఏడాది వాడటం రెండూ తప్పే.

గదిలో ఒకరికి వస్తే

కలక వచ్చిన మనిషి కళ్లలోకి చూస్తే అంటుకుంటుందన్నది వట్టి మాట. అంటుకునేది చేతుల వల్ల, తువ్వాళ్ల వల్ల, దిండు గలీబుల వల్ల. అడినోవైరస్ తలుపు గొళ్లెం మీద, ఫోన్ మీద రోజుల తరబడి బతుకుతుంది. శానిటైజర్ కన్నా సబ్బు, నీళ్లు మేలు. తువ్వాలు, దిండు, మందు సీసా ఎవరివి వాళ్లవే. ఆకు పసరు, తేనె, తల్లిపాలు కంట్లో పోయడం ఊళ్లో చూసిందే అయినా, పుండు ఉన్న కంటికి అవి ఇంకో ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి.

ఇవి ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి

చూపు మసకబారడం. వెలుతురు భరించలేకపోవడం. గరగర కాకుండా లోపలి నొప్పి. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ. నుదుటి మీద, ముక్కు కొస మీద పొక్కులు: ఇది సర్పి కావచ్చు, మాత్రలు 72 గంటల్లోపు మొదలైతే మంచిది. ఇదే కంటికి ఇంతకు ముందు వచ్చి ఉండటం. వెల్డింగ్, గ్రైండింగ్ చేశాక మొదలైన ఎరుపు. కంట్లో సిమెంటు, రసాయనం పడితే ముందు కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి తర్వాత బయల్దేరండి.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు మామాకు చెప్పడానికి భయపడొద్దు. “ఐనీ తఅవ్విర్ని” అంటే నా కన్ను నొప్పిగా ఉందని. ఆ ఒక్క మాట నేర్చుకోండి. సౌదీలో ఉన్నవాళ్లు ఆరోగ్యశాఖ నంబరు 937కు ఫోన్ చేసి అడగొచ్చు. కంపెనీ ఇచ్చిన బీమా కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. డాక్టర్ రాసిన సిక్ లీవ్ కాగితం, మందు చీటీ దాచుకోండి. హెర్పిస్ మళ్లీ రావచ్చు. ఊరెళ్లినప్పుడు, దేశం మారినప్పుడు ఆ చీటీ చూపిస్తే డాక్టర్‌కు సగం పని తప్పుతుంది.

మా తమ్ముడికి పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. నల్లగుడ్డు అంచున సన్నని మచ్చ మిగిలింది. లైసెన్స్ రెన్యూవల్ కంటి పరీక్ష రోజు మేం ఏడుగురం డ్యూటీలో ఉన్నా మనసంతా అక్కడే. పాసయ్యాడు. మచ్చ ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉంటే ఆ ఉద్యోగం, దాని మీద ఉన్న ఊరి అప్పు ఏమయ్యేవో తల్చుకోవడానికే భయం.

ఆ సీసా ఇచ్చిన పెద్దాయన నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన తప్పేం లేదు, ప్రేమతోనే ఇచ్చాడు. మేమందరం కలిసి పెట్టెలన్నీ తెరిచి పాత చుక్కల మందులు ఏరి పారేశాం. ఏడు సీసాలు తేలాయి. ఇప్పుడు మా తలుపు వెనక ఎనిమిది మేకులున్నాయి, ఎవరి తువ్వాలు వాళ్లది. ఈ శుక్రవారం మీ గదిలో కూడా ఒకసారి పెట్టెలు తెరిచి చూడండి.