పొయ్యి వెలిగించకుండానే ఘాటైన విందు

ఇంటికి నలుగురు వస్తున్నారంటే చాలు, మనలో చాలామంది ముందు చూసేది గ్యాస్ సిలిండర్ వైపే. బజ్జీలా, పునుగులా, పకోడీలా అన్న ప్రశ్నే తప్ప, అసలు మూకుడు పెట్టకపోతే ఏమన్న ఆలోచనే రాదు. వచ్చినవాళ్లు హాల్లో నవ్వుతుంటారు. ఆ నవ్వు దేనికో తెలియక మనం నూనె సెగ దగ్గర చెమట తుడుచుకుంటుంటాం.

‘పచ్చివి పెడితే ఏమనుకుంటారో’ అన్న బెరుకు అక్కర్లేదు. శ్రీరామనవమికి సాక్షాత్తూ రాములవారికి పెట్టే వడపప్పు, పానకాలకు పొయ్యితో పనే లేదు కదా! అందుకే వేసవి సాయంత్రాల్లో నేను ఒక పెద్ద స్టీలు తాంబాళంలోనే విందంతా అమర్చేస్తాను. ఎనిమిదిమందికి నా లెక్క ఇదీ.

ముందురోజే దోసావకాయ

గట్టి పసుపు దోసకాయ ఒకటి కడిగి, తడి లేకుండా తుడిచి, చిన్న ముక్క కొరికి చూడండి. చేదైతే పక్కన పడేయండి. రెండు కప్పుల ముక్కలకు పావుకప్పు కారం, పావుకప్పు ఆవపిండి, అంతకంటే కాస్త తక్కువ ఉప్పు, అరకప్పు నువ్వులనూనె కలిపి మూత పెట్టండి. ఆవపిండికి తడి తగిలాకే ఘాటు పుడుతుంది. వేడి చేస్తే ఆ ఘాటు చచ్చిపోతుంది. మర్నాటికి ముక్క ఊరి, ఊట దిగుతుంది.

గంట ముందు వడపప్పు

గ్లాసు పెసరపప్పు గంటసేపు నానబెట్టి నీళ్లు పూర్తిగా వంపేయండి. సన్నగా తరిగిన కీరదోస, అరచిప్ప కొబ్బరి కోరు, నాలుగు పచ్చిమిర్చి, కొత్తిమీర చేర్చండి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే కలపాలి. లేకపోతే కీర నీరు వదిలేస్తుంది.

ఆఖరి పది నిమిషాల్లో...

పుల్లమామిడికాయ, కీర చక్రాలు, జామ దొరికే రోజుల్లో జామకాయ ముక్కలు కోసి ఉప్పూకారం చల్లండి. పెద్ద బేసిన్‌లో మరమరాలు పోసి రెండు చెంచాల దోసావకాయ ఊట, సన్నటి ఉల్లిముక్కలు, బజారులో కొన్న వేయించిన పల్లీలు, గుప్పెడు పుట్నాలు వేసి కలపండి. ఇది మాత్రం అందరూ కూర్చున్నాకే కలపాలి. ముందే కలిపితే మెత్తబడిపోతుంది.

తాంబాళం మధ్యలో దోసావకాయ గిన్నె, పక్కనే గట్టి పెరుగు ఉంచండి. మిరపకాయ మంట నీళ్లకు కరగదు, పెరుగుకూ మజ్జిగకూ లొంగుతుంది. పిల్లలకు, బి.పి. ఉన్న పెద్దవాళ్లకు ఉప్పూకారం చల్లని ముక్కలు విడిగా తీసిపెట్టండి. ఒకే పళ్లెమంటే ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లు వెనకాడతారు. గిన్నెకో చెంచా వేసి, మనిషికో చిన్న ప్లేటు ఇస్తే ఆ ఇబ్బందీ ఉండదు.

పచ్చివి కాబట్టి శుభ్రత ముఖ్యం. కాయలు కోయకముందే బాగా కడగాలి. చేతులు, కత్తి, పీట శుభ్రంగా ఉండాలి. నానిన పప్పు, కోసిన ముక్కలు ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచకండి. పచ్చి మొలకలు మాత్రం గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టకపోవడమే మంచిది.

కిందటి వేసవిలో మా ఆడపడుచు వాళ్లొచ్చినప్పుడు ఈ తాంబాళమే పెట్టాను. “వదినా, మేమొచ్చినప్పుడు నువ్వు మా దగ్గర కూర్చోవడం ఇదే చూడటం” అంది. మామిడిముక్క నములుతూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని మెల్లగా చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. రాత్రి తొమ్మిదిదాకా మాట్లాడుకున్నాం. మానడమా, వేరేచోట చూసుకోవడమా అని ఇద్దరం కలిసి ఆలోచించాం. నేను పొయ్యి దగ్గరుంటే ఆ మాట ఆమె గొంతులోనే ఉండిపోయేది.

అతిథికి కడుపు నిండా పెట్టడం మన మర్యాదే. వాళ్ల మాట వినడానికి మనం ఎదురుగా ఉండటమూ ఆ మర్యాదలో భాగమే. ఈసారి ఎవరైనా “రేపొస్తున్నాం” అని ఫోను చేస్తే, ముందుగా ఒక మంచి దోసకాయ తెచ్చిపెట్టుకోండి. మిగతా పనంతా గంటలో అయిపోతుంది.