రూపాయికి మార్కులు వేసే పని

మీ ఇంట్లో పాత వెండి రూపాయి ఉందా? ఉంటే ముందు ఒక్క మాట వినండి, దాన్ని కడగొద్దు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా తాతయ్య ట్రంకుపెట్టెలో నాకో విక్టోరియా రూపాయి దొరికింది. నల్లగా ఉందని చింతపండుతో నానబెట్టి, బూడిదతో తోమి తళతళలాడించాను. నాణేల దుకాణాయన దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూసి, ‘తోమేశావా బాబూ?’ అన్నాడు. వెండి తూకానికి వచ్చే ధర చెప్పి నా చేతిలో పెట్టేశాడు. నేను మురికి అనుకున్న నలుపు ఏళ్ల తరబడి వెండి మీద సహజంగా ఏర్పడిన పొర. అది పోయాక మళ్లీ రాదు.

ఆయన పది సెకన్లలో చేసిన పనిని గ్రేడింగ్ అంటారు. ఒకే ఏడాది, ఒకే టంకశాల నాణేలు రెండుంటే ఒకదాని ధర రెండోదానికి ఎన్నో రెట్లు ఎందుకుంటుందో తేల్చేది ఇదే.

డెబ్భైకి ఎన్ని?

1949లో అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలత పెట్టాడు. 70 వచ్చిన నాణెం, 1 వచ్చిన దానికి డెబ్భై రెట్లు పలకాలన్నది ఆయన లెక్క. ధరల లెక్క నిలవలేదు గానీ అంకెలు నిలిచిపోయాయి. 4 అంటే గుడ్, 12 ఫైన్, 20 నుంచి 35 వెరీ ఫైన్, 40, 45 ఎక్స్‌ట్రా ఫైన్, 50 నుంచి 58 దాదాపు వాడనిది, 60 దాటితే చేతులు మారనే లేదన్నమాట. ‘గుడ్’ అన్నారని మురిసిపోకండి, అది డెబ్భైకి నాలుగు మార్కులు! 1980ల్లో వచ్చిన పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు ఈ అంకె వేసి నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేస్తాయి. మన దుకాణాల్లో, వేలంపాటల్లో మాత్రం వీఎఫ్, ఎక్స్‌ఎఫ్, యూఎన్‌సీ అనే మాటలే ఎక్కువ వినిపిస్తాయి.

కంటికి పని

నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి. ముఖం మీద వేలు పడితే ఆ చెమట మరక అలాగే ఉండిపోతుంది. గదిలో ఒకే దీపం ఉంచి, దాని కింద నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పండి. వాడనిదైతే వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ పరిగెడుతుంది. ఆ పరుగు ఎక్కడైనా తెగిందంటే అక్కడ అరిగిందని అనుమానించాలి. అరుగుదల ముందు ఎత్తైన చోట్ల మొదలవుతుంది. విక్టోరియా రూపాయి అయితే చెంప, చెవి మీది జుట్టు, దుస్తుల మీది పూలపని. వీటిని చూడటానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. జుట్టు చదునుగా ఉన్నంత మాత్రాన అరిగినట్టు కాదు. టంకశాలలో అచ్చు సరిగ్గా పడకపోయినా అలాగే ఉంటుంది. చదునైన చోట మెరుపు తక్కినచోట్ల లాగే ఉంటే అచ్చు బలహీనం, రంగు మారి మందగిస్తే అరుగుదల. ఇక తోమిన నాణెం మీద సన్నటి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి, నా రూపాయిని పట్టిచ్చినవి అవే. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. రూపాయలను దండలుగా గుచ్చుకోవడానికి కొండి అతికించేవారు. కొండి తీసేసినా అంచున టంకం మచ్చ దొరికిపోతుంది. అసలు నాణెమో కాదో కూడా చూడాలి. విక్టోరియా వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి, వెండి అయస్కాంతానికి అంటదు.

ఉద్యోగం సంగతి

‘నాణేల గ్రేడర్ కావలెను’ అని నోటిఫికేషన్ రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. ఈ కన్ను ఉన్నవాళ్లకు పని దొరికేది వేలం సంస్థల్లో కేటలాగు రాసేచోట, డీలర్ల దగ్గర, మ్యూజియాల్లో. మ్యూజియం వైపు వెళ్లాలంటే పురావస్తు శాస్త్రంలో గానీ, ప్రాచీన చరిత్రలో గానీ పీజీ ఉండాలి. నాసిక్ దగ్గర ఆంజనేరిలో నాణేల అధ్యయనానికే ప్రత్యేకంగా ఒక పరిశోధన సంస్థ ఉంది. బ్రాహ్మీ లిపి నేర్చుకుంటే కోటిలింగాల లాంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేలు చదవొచ్చు, నిజాం నాణేలకు పర్షియన్ కావాలి. నా మాట అడిగితే లిపికే ఎక్కువ సమయం పెట్టమంటాను. అరుగుదల చూసేవాళ్లు చాలామంది దొరుకుతారు, చదివేవాళ్లు దొరకరు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేల వ్యాపారానికి లైసెన్సు కావాలి, వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. గ్రేడింగ్ కోసమని అమెరికాకు పార్సిల్ చేసే ఆలోచన ఉంటే ముందు ఇది చదవండి. ‘మీ అయిదు రూపాయల బిళ్లకు లక్షలు, ముందు కమీషన్ కట్టండి’ అనే ప్రకటనలు చూసే ఉంటారు. రిజర్వు బ్యాంకు తన పేరుతో ఇలా మోసాలు జరుగుతున్నాయని 2021లోనే హెచ్చరించింది.

ఈ పని మీకు పట్టుబడుతుందో లేదో రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. కిరాణా కొట్లో చిల్లర అడిగి, ఒకే ఏడాది బిళ్లలు పది ఏరండి. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉన్నవైతే మన హైదరాబాద్ టంకశాలవి. వాటికి నంబర్లిచ్చి గ్రేడు రాసి దాచేయండి. వారం తర్వాత ఆ కాగితం చూడకుండా మళ్లీ రాయండి. నాకు మొదటిసారి పదిలో నాలుగే కలిశాయి.