అలాస్కా తీరమున ఏడు దినములు

యాత్ర యనగానే మన పూర్వులకు కాశియో రామేశ్వరమో స్ఫురించెడిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి పరివారముతో బయలుదేరి, కాశికి పోయి, పదునైదు మాసములు తిరిగి, త్రోవలోని ఊళ్ళను, ఏరులను, వసతులను, ధరవరలను, జనుల ఆచారములను వ్రాసిపెట్టిరి. పుణ్యమునకై పోయినను ఆయన కన్నులు మూసికొని పోలేదు. కనుకనే ఆ గ్రంథము నేటికిని చదువదగినదై యున్నది. నేడు తెలుగు కుటుంబముల యాత్రలు దిక్కు మార్చుకొన్నవి. అమెరికాలో ఉద్యోగములు చేయు బిడ్డలను చూడబోయిన తలిదండ్రులు, వేసవి సెలవులలో మనుమలతో కూడి అలాస్కా ఓడ నెక్కుట ఇప్పుడు అరుదైన విషయము కాదు. దిక్కు మారినను యాత్రికుని యెదుట నిలుచు ప్రశ్న మారలేదు: పోవుట యెట్లో తెలిసినది, చూచుట యెట్లు?

అలాస్కా ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు కొస. రష్యా చక్రవర్తి ప్రభుత్వము నుండి అమెరికా దీనిని 1867లో 72 లక్షల డాలర్లకు కొనెను. 1959 జనవరి 3వ తేదీన ఇది 49వ రాష్ట్రమాయెను. వేల యేండ్లుగా ఆ నేలపై బ్రదుకుచున్న ట్లింగిట్, హైడా మొదలగు జనులను ఆ క్రయవిక్రయములలో అడిగినవారు లేరు. ఈ సంగతి మనసులో నుంచుకొన్నచో, ఆ తీరమున కనబడువానిలో పెక్కింటికి అర్థము తెలియును.

విహారనౌకలు తిరుగునది రాష్ట్రమంతయు కాదు. ఆగ్నేయపు తోకవంటి భాగము మాత్రమే. అచ్చట వేయికి పైగా దీవులు తీరమునకు కోటగోడవలె నిలిచి, పసిఫిక్ మహాసముద్రపు పెద్ద అలలను అడ్డగించుచున్నవి. ఆ దీవులకును ఖండమునకును నడుమనున్న నీటిదారియే అంతర్మార్గము. ఇరుప్రక్కల కొండలు, కొండలపై దేవదారువంటి వృక్షములు, వానిపై మంచు. ఈ దారిని చూచుటకై జనులు పోవుట కొత్త కాదు. 1880 తరువాతి దశాబ్దమునుండియే ఆవిరియోడలు యాత్రికులను కొనిపోవుచుండెను. 1883లో అట్టి ఓడలో పోయిన ఎలైజా సిడ్‌మోర్ అను విదుషి 1885లో ఒక గ్రంథమునే వెలువరించెను.

ఓడలో కాపురము

ఓడ సియాటిల్ నుండి గాని, కెనడాలోని వాంకూవర్ నుండి గాని బయలుదేరును. వసంతాంతము మొదలు శరత్కాలారంభము వరకే ఈ యాత్రలు. సాధారణముగా ఏడు రాత్రులు. ఓడ నెక్కిన వెంటనే మొదటి పాఠము ప్రాణరక్షణము. ప్రమాదఘంట మ్రోగినచో ఎచ్చటికి చేరవలెనో, రక్షణకవచమును ఎట్లు తొడుగుకొనవలెనో ప్రతివారును నేర్చుకొనవలెను. 1912లో టైటానిక్ మునిగిన పిదప 1914లో దేశములు కూడి చేసికొన్న ఒడంబడికనుండి పెరిగిన నియమములివి. పిల్లలు దీనిని ఆటగా భావింతురు, పెద్దలు విసుగుకొందురు. ఇరువురికిని దాని వెనుకనున్న కథ చెప్పుట మంచిది.

రెండుమూడువేల మంది ప్రయాణికులు, వేయిమందికి పైగా పనివారు గల పెద్ద ఓడ ఒక చిన్న పట్టణమే. భోజనశాలలు, నాటకశాల, పుస్తకశాల, వయసునుబట్టి పిల్లల ఆటగదులు, చుట్టును మంచుకొండలు కనబడుచుండగా పొగలు గ్రక్కు వేడినీటి కొలను, అన్నియు కలవు. శాకాహారులు ముందుగా తెలిపినచో అన్నమును పప్పును కూడ దొరకును. మూడు తరములవారికి ఇందు గల సౌకర్యము గొప్పది. మూట విప్పునది ఒకసారియే; ఊళ్ళే మన గుమ్మము వద్దకు వచ్చును. మోకాళ్ళ నొప్పులుగల అమ్మమ్మ తన గది కిటికీనుండి చూచు కొండను, మనుమడు పై అంతస్తునుండి చూచును. జూన్ మాసమున జునో నగరమున పగలు పదునెనిమిది గంటలు. సూర్యుడస్తమించునది రాత్రి పదిగంటల తరువాత. సంధ్య వార్చు తాతగారికి సంధ్య యెప్పుడో తేల్చుకొనుట ఒక సమస్య. పిల్లలను నిద్రపుచ్చు తల్లికి మరియొక సమస్య.

ఈ సుఖమంతయు ఎవరి శ్రమ? పక్క సర్దువారు, వండువారు, వడ్డించువారు చాలవరకు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశము మొదలగు చోట్లనుండి వచ్చినవారు. మాసములతరబడి ఇంటిని విడిచి, వారములో ఏడుదినములును పనిచేయుదురు. మన పిల్లవానికి ప్రతిదినము తువాలును ఏనుగుగా మడచి నవ్వించు ఆ యువకుని బిడ్డ, ఏ దూరదేశమందో తండ్రికై ఎదురుచూచుచుండవచ్చును. వారి పేరడిగి, ఊరడిగి మాటాడుట నేర్చిన బాలుడు ఓడలోనే సగము భూగోళము చదివినవాడగును.

మరియొక చిత్రము. సియాటిల్ నుండి పోయి అచ్చటికే మరలివచ్చు ఓడ, కెనడాలోని విక్టోరియా వంటి ఒక రేవులో కొన్ని గంటలు తప్పక ఆగును. అందుకు కారణము ఆ యూరి పూదోటల సౌందర్యమొక్కటే కాదు. అన్యదేశపు పతాకము గల ఓడ, ఏ పరదేశపు రేవును తాకక అమెరికా రేవులనడుమ మాత్రమే ప్రయాణికులను త్రిప్పరాదని 1886 నాటి అమెరికా చట్టము. ఈ పెద్ద ఓడలు చాలవరకు బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశములలో నమోదైనవి.

చదువదగిన స్తంభములు

దక్షిణపు రేవు కెచికాన్. అచ్చట సంవత్సరమునకు సగటున ఇంచుమించు 150 అంగుళముల వాన. మన కోస్తా జిల్లాల వర్షపాతమునకు మూడింతలు మించినది. కావున గొడుగు మరచినవాడు వాననే చూచివచ్చును. ఏటిపై కొయ్యకాళ్ళమీద నిలిపిన ఇండ్ల వరుస ఒకటి కలదు. వేసవి చివర ఆ యేటిలో సాల్మన్ చేపలు ప్రవాహమునకు ఎదురీదుచు కనబడును. ఏటిలో పుట్టి, సముద్రమునకు పోయి, పెరిగి, పుట్టిన యేటినే వెదకికొని వచ్చి, గ్రుడ్లుపెట్టి ప్రాణములు విడుచుట వాని జీవితము. ఎలుగులును గద్దలును వానిని తినును; మిగిలినది అడవి చెట్లకు ఎరువగును. సముద్రపు సారము అడవికి చేరు మార్గమిది.

ఈ ప్రాంతమున అందరును చూడగోరునవి టోటెమ్ స్తంభములు. ఎర్ర దేవదారు మ్రానులపై కాకోలము, గ్రద్ద, తోడేలు, ఎలుగు, కప్ప మొదలగు రూపములను ఒకదానిపై నొకటి చెక్కి నిలిపినవి. తొలినాటి క్రైస్తవ మతబోధకులలో కొందరు వీనిని పూజావిగ్రహములని తలచిరి. అది పొరబాటు. ఇవి వంశచిహ్నములు, స్మారకములు, కుటుంబ చరిత్రలు. ట్లింగిట్ జనులు కాకోల వర్గము, గ్రద్ద వర్గము అని రెండుగా నుందురు. ఒక వర్గమువారు రెండవ వర్గమువారినే పెండ్లాడవలెననునది వారి పూర్వాచారము. మన గోత్రనియమము జ్ఞప్తికి వచ్చును. కాని వారికి వంశము తల్లివలన వచ్చును. ఒక స్తంభముపై నున్న కథ ఒక కులమువారి సొత్తు. దానిని చెప్పు అధికారము వారిదే. మన యూళ్ళ శాసనస్తంభములు లిపి తెలిసినవానికే మాటాడునట్లు, ఇవియును కథ తెలిసినవారి సాయముననే మాటాడును.

ఇచ్చట ఒక పూర్వకథ చెప్పవలసియున్నది. 1899లో ఎడ్వర్డ్ హారిమన్ అను రైలుమార్గముల కోటీశ్వరుడు భార్యాబిడ్డలతో అలాస్కా విహారమునకై ఒక ఓడను సిద్ధపరచి, జాన్ మ్యూర్ వంటి ప్రకృతి పరిశోధకులను, శాస్త్రజ్ఞులను, చిత్రకారులను వెంటగొనిపోయెను. నాటి కుటుంబ నౌకాయాత్రలలో అంత ఘనమైనది మరొకటి లేదేమో! ఏడేండ్ల కుమారుడు ఆవెరెల్ అందుండెను. పిమ్మట అతడు సోవియట్ దేశమున అమెరికా రాయబారి, న్యూయార్కు గవర్నరు ఆయెను. ఆ యాత్ర విజ్ఞానమునకు చేసిన మేలు అధికము. కాని మరలివచ్చుచు వారు కేప్‌ఫాక్స్ అను గ్రామము కడ దిగిరి. ఇండ్లలో జనులు లేరు. ఊరు విడువబడినదని తలచి, స్తంభములను, ఇతర వస్తువులను పెకలించి ఓడకెక్కించిరి. అవి పెద్ద పెద్ద వస్తుప్రదర్శనశాలలకు చేరెను. ఊరివారు నశించినవారు కారు; కెచికాన్ చెంత సాక్స్‌మన్ అను కొత్త యూరికి తరలిపోయినవారు. నూటరెండేండ్ల తరువాత, 2001లో, ఆ ప్రదర్శనశాలలు స్తంభములను వారి సంతతివారికి మరల నప్పగించెను. పండితులు కూడియున్న ఆ ఓడలో సైతము, యజమానులెవరని విచారింపక వస్తువులను కొనిపోయిరి. కన్నులెదుట లేనివారు లేనేలేరని యనుకొనుట యాత్రికుల పాతజబ్బు.

బంగారపు బాట

ఉత్తరపు కొసనున్న స్కాగ్వే 2020 జనాభా లెక్కల ప్రకారము 1,240 మంది గల ఊరు. 1896లో కెనడాలోని క్లాండైక్ ప్రాంతమున బంగారము దొరకెను. 1897 జూలైలో ఆ బంగారముతో ఓడ సియాటిల్ చేరగానే లోకము వెర్రెత్తిపోయెను. లక్షమంది బయలుదేరిరని చరిత్రకారుల అంచనా. చేరినవారు అందు సగము కూడ లేరు. ఏడాదికి సరిపడు తిండిగింజలు, సామానులు చూపినగాని కెనడా రక్షకభటులు సరిహద్దు దాటనీయరైరి. దాని బరువు ఇంచుమించు ఒక టన్ను. మూపున మోయువాడు అదే కనుమను పదులకొలది పర్యాయములు ఎక్కి దిగవలెను. శ్వేతకనుమ దారిలో మూడువేల గుర్రములు చచ్చెనందురు. 1898లో మొదలిడి 1900 జూలై నాటికి అచ్చట చిన్నపట్టాల రైలుమార్గము పూర్తిచేసిరి. అప్పటికి బంగారపు వెర్రి తగ్గిపోయెను! నేడు ఆ రైలు యాత్రికులను ఇరువది మైళ్ళలో 2,865 అడుగుల యెత్తునకు చేర్చుచున్నది. కిటికీలోనుండి పాత కాలిబాట కనబడును. చిరుతిండి తినుచు చూచు పిల్లలకు దానిని తప్పక చూపవలెను.

తిమింగిలములు, హిమానీనదములు

రాష్ట్ర రాజధాని జునో. బయటినుండి దానికి రహదారి లేదు. ఓడలో పోవలెను, లేదా విమానములో పోవలెను. వేసవిలో ఆ నీటిలో మూపురపు తిమింగిలములు కనబడును. అవి శీతకాలమున హవాయి దీవుల చెంత ఈనును. అచ్చట వానికి ఆహారము ఇంచుమించు శూన్యము. వేల మైళ్ళు ఈది అలాస్కాకు వచ్చి కడుపునింపుకొనును. కొన్ని కూడి, చేపలగుంపు చుట్టును గాలిబుడగలను వలవలె వదలి, ఒక్కసారిగా నోరుతెరచి పైకి లేచును. పడవలు వానికి నూరుగజములలోపు పోరాదని నియమము. దూరమునుండి చూచుట అమర్యాద కాదు, మర్యాద.

జునోకు చేరువనే పదుమూడు మైళ్ళ పొడవున మెండెన్‌హాల్ హిమానీనదము కలదు. మంచు నీలముగా నుండుట చూచి పిల్లలు కారణమడుగుదురు. గాలి బుడగలు పోయి గట్టిపడిన మంచు వెలుతురులోని ఎరుపును మ్రింగి నీలమును పంపును. ఈ హిమానీనదము ఏటేట వెనుకకు తగ్గుచున్నది. ప్రక్కలోయలో నిలిచిన నీరు మంచుకట్టను త్రోసికొని వచ్చుటచే 2023, 2024, 2025 సంవత్సరముల ఆగస్టు మాసములలో వరదలు జునో ఇండ్లను ముంచెను.

గ్లేసియర్ బే అను అఖాతములో ఓడ రేవు పట్టదు. ఉద్యానవనపు అధికారులే ఓడనెక్కి పాఠము చెప్పుదురు. దినమునకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. 1750 ప్రాంతమున ఈ అఖాతమంతయు మంచు. పెరుగుచు వచ్చిన ఆ మంచు హూనా ట్లింగిట్ జనుల నివాసములను త్రోసివేసెను. 1794లో వాంకూవర్ నావికుని బృందము చూచునాటికి అఖాతము అయిదారుమైళ్ళ గుంట. 1879లో మ్యూర్ వచ్చునప్పటికి మంచు నలుబది మైళ్ళకు పైగా వెనుదిరిగెను. ఈ తొలి తిరోగమనమునంతను నేటి భూతాపమునకు అంటగట్టుట సరికాదు. ప్రకృతిలో అట్టి హెచ్చుతగ్గులు కలవు. కాని నేడు అలాస్కా హిమానీనదములు చాలవరకు కరగుటకు మానవుడు కాల్చు ఇంధనము ముఖ్యకారణమని శాస్త్రము తేల్చుచున్నది. హూనావారు 2016లో ఆ తీరమున తమ కులగృహమును మరల నిలిపిరి. మంచు తరిమినవారు తిరిగి వచ్చిరి. ఇప్పుడు మంచే పోవుచున్నది.

ఆ మంచును చూడబోవు ఓడయును ఇంధనమును కాల్చునదే. ఈ చిక్కు అచ్చటివారికి తెలియనిది కాదు. రేవులో నిలిచిన ఓడ పొగ విడువక, నీటివలన పుట్టిన తీరపు విద్యుత్తును వాడుకొను ఏర్పాటు జునోలో 2001లోనే మొదలాయెను. 32 వేల జనాభా గల ఆ యూరికి 2023లో 16 లక్షలకు పైగా ఓడ ప్రయాణికులు వచ్చిరి. దినమునకు అయిదు పెద్ద ఓడలకు మించరాదని నౌకా సంస్థలతో ఒప్పందము కుదిరి 2024 నుండి అమలాయెను. శనివారములు ఓడలను మాన్పవలెనన్న ప్రతిపాదనను అదే యేట ఓటర్లు తిరస్కరించిరి. బ్రదుకుతెరువు ఒక ప్రక్క, ప్రశాంతి యొక ప్రక్క. తిరుపతి, అరకు ఎరిగిన మనకు ఈ త్రాసు అపరిచితము కాదు.

యాత్రకు పోవువారికి ఒక మనవి. తీరవిహారములలో ఖరీదైనది విమానమెక్కి మంచుపై దిగుట. చౌకయైనది ఊరి గ్రంథాలయము వరకు నడచి స్థానికులతో మాటాడుట. రెండవదానిని మానరాదు. ఓడవారు ఏర్పరచిన విహారమైనచో ఆలస్యమైనను ఓడ వేచియుండును; స్వయముగా తిరుగువాడు గడియారము చూచుకొనవలెను. పిల్లల చేతికి చిత్రములు తీయు యంత్రముతోపాటు ఒక పుస్తకమును, పెన్సిలును ఇయ్యవలెను. ఈ నేల యెవరిది, ఈ నీరెచ్చటిది, ఈ పని చేయువారెవరు అను మూడు ప్రశ్నలకు దినదినము జవాబు వ్రాయించవలెను. పోలేనివారు విచారింపనక్కరలేదు. మన యూరి చెరువుగట్టున నిలిచి అడిగినను ఆ మూడు ప్రశ్నలు పనికివచ్చును.

మన దేవాలయ స్తంభములపై శాసనము చదువక, దాని ప్రక్కనే తన పేరు చెక్కివచ్చు యాత్రికుని మనమెరుగుదుము. కేప్‌ఫాక్స్ స్తంభములను మోసికొనిపోయినవారికిని అతనికిని భేదము పరిమాణములోనే. చదివి, అచ్చటనే విడిచి వచ్చువాడే పూర్తిగా చూచినవాడు.