ఇంటర్వ్యూ అయ్యాక వాకబు ఎలా?

సింగరేణి బొగ్గు గనులున్న శ్రీరాంపూర్‌లో ఉద్యోగానికి వాకబు అంటే ఏళ్లుగా జీఎం ఆఫీసు మెట్లెక్కడమే. సింగరేణి కారుణ్య నియామకంలో పోటీ ఇంటర్వ్యూ ఉండదు. కార్మికుడిని కొత్తగూడెం మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేశాక వారసుడి కాగితాలు కదలాలి. ఫైలు ఎందాకా వచ్చిందో స్వయంగా వెళ్లి అడగడం అక్కడ మామూలే.

హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చిన అభ్యర్థికి ఈ అలవాటు పనికిరాదు. ఫలితం ఎప్పటికి తెలుస్తుందో, ఎవరిని అడగాలో అక్కడి నుంచి లేచేముందే కనుక్కోవాలి. మర్నాటికల్లా చిన్న మెయిల్ పెట్టాలి: “నిన్న మెయింటెనెన్స్ ట్రైనీ పోస్టుకు ఇంటర్వ్యూ చేసినందుకు కృతజ్ఞతలు. కన్వేయర్ బెల్టు పక్కకు జరగడం గురించి మీరడిగిన దానికి సగమే చెప్పాను. రోలర్ల అమరికను కూడా చూడాలి.” ఆ చివరి ముక్కే అసలు సరుకు, ఒట్టి థాంక్స్ ఎవరికీ గుర్తుండదు.

చెప్పిన గడువు దాటిన రెండు మూడు పనిదినాలకు ఇంకోసారి రాయవచ్చు. రోజూ ఫోన్లు, వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలు, తెలిసిన లీడర్‌తో చెప్పించడం ఉన్న అవకాశాన్నీ చెడగొడతాయి. ఈలోగా వేరేచోట్ల దరఖాస్తులు ఆపకూడదు. ఆఫర్ లెటర్‌కు ముందుగా డిపాజిట్ కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా ఇవ్వకుండా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి.