కానరాని బాటలు

యంత్రము మందగించినంతమాత్రమున అది యంతయు చెడిపోయినదని తలచుట లోకసామాన్యము. బండి కదలనపుడు ఎద్దును మార్చవలెనా, ఇరుసునకు కందెన వేయవలెనా యని ముందుగా విచారించువాడే నేర్పరి. ఇంటింట కనిపించు ల్యాప్‌టాప్ విషయమునను ఇది సత్యమే. లెక్కలు చేయుటలోను, వ్రాతలు దాచుటలోను ఏ లోపమును లేని ల్యాప్‌టాప్ సైతము ఇంటర్నెట్ నుండి పాఠములు తెచ్చుకొనునపుడు తడబడుచుండవచ్చును. అట్టి సమయమున లోపము పలుమారులు దానిలోని ఒక చిన్న ఫలకమునందే యుండును. 22 మిల్లీమీటర్ల వెడల్పును, 30 మిల్లీమీటర్ల పొడవును గలిగి, తపాలాబిళ్ళను పోలియుండు ఆ ఫలకమునకే వైఫై కార్డు అని పేరు. అనేక ల్యాప్‌టాప్‌లలో దానిని ఊడదీసి, అంతకన్న మేలైనదానిని అమర్చుటకు వీలు కలదు.

ఈ కార్డు చేయు పనిని గ్రహించుటకు రేడియో తరంగములను గూర్చి కొంత తెలియవలెను. కంటికి కానరాని విద్యుదయస్కాంత తరంగములు కలవని జర్మనీ దేశస్థుడైన హెన్రిక్ హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మన దేశమున జగదీశ చంద్ర బోసు 1895లో కలకత్తా నగరమున ఇట్టి తరంగములతో దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి, చూపరులను ఆశ్చర్యచకితులను గావించెను. తరంగము ఒక సెకనులో ఎన్ని మారులు కంపించునో ఆ సంఖ్యను పౌనఃపున్యమందురు. హెర్ట్జ్ గౌరవార్థము దాని ప్రమాణమునకు ఆయన పేరే పెట్టిరి. సెకనుకు నూరు కోట్ల కంపనములు ఒక గిగాహెర్ట్జ్ అగును.

ఇంటిలోని రౌటరును, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డును ఈ తరంగముల మూలముననే పరస్పరము సంభాషించుకొనును. వానికై కేటాయించిన పౌనఃపున్యముల వరుసలను పట్టీలందురు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొదటిది, 5 గిగాహెర్ట్జ్ పట్టీ రెండవది, 6 గిగాహెర్ట్జ్ పట్టీ మూడవది.

మొదటి పట్టీ సంతనాటి ఇరుకు వీధివంటిది. అందు ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు మూడు మాత్రమే కలవు. అవి 1, 6, 11 సంఖ్యలు గలవి. ఇరుగుపొరుగువారి రౌటర్లన్నియు ఆ మూడింటిలోనే సర్దుకొనవలెను. బ్లూటూత్ పరికరములు తిరుగు త్రోవయు అదియే. ఆహారమును వేడిచేయు మైక్రోవేవ్ పొయ్యి సైతము 2.45 గిగాహెర్ట్జ్ వద్దనే పనిచేయుటచే, దాని నుండి వెలువడు స్వల్పశక్తి కూడ ఆ వీధిలో అలజడి కలిగించును. 5 గిగాహెర్ట్జ్ పట్టీ అట్లు కాక విశాలమైన రాజమార్గమువలె నుండును. అందు ఛానళ్ళు హెచ్చు; ఒక్కొక్క ఛానలును వెడల్పుగా వాడుకొనవచ్చును. వెడల్పు పెరిగినకొలది ఒకేమారు ఎక్కువ సమాచారము సాగిపోవును.

అయితే ప్రకృతి ఏ మేలునైనను వెల లేక ఈయదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు ఆరు సెంటీమీటర్లు. పౌనఃపున్యము హెచ్చినకొలది తరంగము గోడలను దాటుటలో సాధారణముగా ఎక్కువ శక్తిని కోల్పోవును. కావున రౌటరున్న గదిలోను, ప్రక్కగదిలోను 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగముగా పనిచేయును. నాలుగు గోడలకావల పెరటిలో కూర్చుండువానికి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీయే శరణ్యము. మంచి కార్డు రెండింటిని ఎరిగి, సమయోచితముగా వాడుకొనును.

ఈ విద్య క్రమక్రమముగా పెరిగినది. 802.11 అను సంఖ్యతో 1997లో వెలువడిన తొలి ప్రమాణము సెకనుకు 2 మెగాబిట్ల వేగమును మాత్రమే నిర్దేశించెను. 1999లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 11 మెగాబిట్లకును, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 54 మెగాబిట్లకును వీలు కలిగెను. 2009 నాటి 'ఎన్' ప్రమాణము పెక్కు యాంటెనాలతో ఏకకాలమున సమాచారము పంపు నేర్పును తెచ్చెను. 2013లో వచ్చిన 'ఏసీ' ప్రమాణము 5 గిగాహెర్ట్జ్ పట్టీలో వేగమును మిక్కిలి పెంచెను. 2021లో ప్రచురితమైన 'ఏఎక్స్' ప్రమాణమునకే వైఫై 6 అని వ్యవహారము. అదే 6 గిగాహెర్ట్జ్ పట్టీలోనికి కూడ విస్తరించినపుడు వైఫై 6ఈ అందురు.

ఆకాశమందలి ఈ బాటలు ఎవరికి తోచినట్లు వారు వాడుకొనుటకు వీలు లేదు. ప్రతి దేశమును వానికి నియమములు ఏర్పరచుకొన్నది. భారతదేశమున 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకయే వాడుకొనుటకు అనుమతించిరి. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ మేరకు అట్టి స్వేచ్ఛ లభించెను. 6 గిగాహెర్ట్జ్ పట్టీ క్రింది భాగమును గూర్చి 2025 మే నెలలో ప్రభుత్వము ముసాయిదా నియమములను ప్రకటించెను. కొత్త పట్టీని వాడుటకు కార్డు, రౌటరు, దేశపు నియమము అను మూడును అనుకూలింపవలెనని గుర్తుంచుకొనవలెను.

ఇక ఒక ఉదాహరణమును పరిశీలింతము. పట్టణమున పెద్ద భవనములో నివసించు ఒక సామాన్య కుటుంబమును ఊహింపుడు. ఇంటర్ పరీక్షకు చదువుచున్న బాలిక ల్యాప్‌టాప్‌లో పాఠములు వినుచుండగా బొమ్మ మాటిమాటికి నిలిచిపోవుచున్నది. అప్పు చేసియైనను కొత్త ల్యాప్‌టాప్ కొనవలెనని తండ్రి తలపోయుచున్నాడు. ఇంటిలో ఎలుకలున్నవని ఇంటికే నిప్పు పెట్టినట్లు కాకుండవలెనన్నచో, ముందు లోపమును కనిపెట్టవలెను.

అందులకు సులభమైన పరీక్షలు కలవు. ల్యాప్‌టాప్ ఉన్న చోటనే 5 గిగాహెర్ట్జ్ తెలిసిన సెల్‌ఫోనును ఉంచి, రెండింటి వేగమును పోల్చవలెను. పిమ్మట ల్యాప్‌టాప్‌ను రౌటరునకు తీగతో కలిపి చూడవలెను. తీగతో వేగముగా నడచి, తీగ తీసిన వెంటనే మందగించినచో ఇంటికి వచ్చు కనెక్షనులో లోపము లేదు. ఫోనులో కనిపించుచున్న 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కు పేరు ల్యాప్‌టాప్‌లో కానరానిచో, దాని కార్డు మొదటి పట్టీని మాత్రమే ఎరిగినదై యుండవచ్చును.

ఆ ఇంటికి సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షను కలదనుకొందము. ఒంటి యాంటెనా గల పాత 'ఎన్' కార్డు 20 మెగాహెర్ట్జ్ ఛానలులో కాగితముమీద 72 మెగాబిట్లు అందుకొనగలదు. రద్దీవలన అందు 20 మాత్రమే దక్కినదనుకొందము. ఒక గిగాబైటు పాఠమనగా 8,000 మెగాబిట్లు. దానిని తెచ్చుటకు 400 సెకనులు, అనగా ఆరు నిమిషముల నలువది సెకనులు పట్టును. రెండు యాంటెనాల 'ఏసీ' కార్డు 80 మెగాహెర్ట్జ్ ఛానలులో 867 మెగాబిట్ల వరకు సంధానము పొందగలదు. అపుడు కనెక్షను ఇచ్చు 100 మెగాబిట్లును చేతికందిన, అదే పాఠము 80 సెకనులలో వచ్చును. కాని కనెక్షనే 20 మెగాబిట్లదైనచో ఎంతటి కార్డు పెట్టినను ఫలము లేదు. చెరువు తూము చిన్నదైనపుడు పంటకాలువను ఎంత వెడల్పు చేసినను పొలమునకు నీరు అధికముగా పారదు గదా! రౌటరునకు 5 గిగాహెర్ట్జ్ పట్టీ తెలియకున్నను ఫలితము అట్టిదే.

లోపము కార్డుదేయని తేలినపుడు, కొనుటకు ముందు నాలుగు సంగతులు విచారింపవలెను. మొదటిది, కార్డు ఊడివచ్చునదేనా? కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో దానిని ప్రధానఫలకమునకు అతికించియుందురు. అట్టివానిలో మార్పునకు వీలు లేదు. రెండవది, దాని ఆకారము. ఇటీవలి వానిలో ఎం.2 అను రకమును, అంతకు పూర్వపు వానిలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను రకమును ఉండును. ఒకదాని గాడిలో మరియొకటి ఇమడదు; వాని తీగల కొనలును వేరువేరు పరిమాణములు గలవి. అంతేకాక రూపమున కవలలైనను గుణమున వేరైనవి కలవు. ఇంటెల్ సంస్థవారి ఏఎక్స్ 210 కార్డు తన పనినంతయు తానే నిర్వహించుకొనును. ఏఎక్స్ 211 కార్డు పనిలో కొంతభాగమును ల్యాప్‌టాప్‌లోని తగిన ఇంటెల్ చిప్పులు వహింపవలెను. అవి లేనిచోట అది పనిచేయదు.

మూడవది, కొందరు తయారీదారులు తాము ఒప్పుకొన్న కార్డులను తప్ప ఇతరములను అంగీకరింపకుండునట్లు కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో కట్టడి చేసిరి. ఆ నమూనా విషయమున అట్టి కట్టడి కలదేమో ముందే తెలిసికొనవలెను. నాలుగవది యాంటెనా తీగలు. కార్డునుండి బయలుదేరిన సన్నని తీగలు తరచుగా కీలు మార్గమున తెరపైభాగమునకు పోయి, అచటి యాంటెనాలను చేరును. ఒంటి యాంటెనా కార్డుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కొన్నింట తీగ ఒక్కటే యుండును. అట్టిచోట రెండు యాంటెనాల కార్డు పెట్టినను వేగము సగమునకు తగ్గును. 867 అనుకొన్నది 433 అగును. ఐనను మొదటి పట్టీలోని రద్దీనుండి తప్పించుకొను లాభము మాత్రము దక్కును.

ఇక మార్చు విధానము. దీనిని పిల్లలు పెద్దల సమక్షముననే చేయవలెను. పూచీ గడువు తీరని యంత్రమైనచో, మూత విప్పుటవలన ఆ పూచీకి భంగము కలుగునేమో విచారింపవలెను. కొత్త కార్డునకు కావలసిన డ్రైవర్ అను సాఫ్ట్‌వేరును ముందుగనే తెచ్చి దాచుకొనుట వివేకము. కార్డు మార్చిన పిమ్మట దానిని తెచ్చుకొనుటకు దారియే లేకపోవచ్చును.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు తీగను తీసివేయవలెను. అడుగు మూత మరలను విప్పి, ఏ మర ఎచ్చటిదో తెలియునట్లు కాగితముపై వరుసగా పెట్టుకొనవలెను. మూత తీసిన తోడనే బ్యాటరీ సంబంధమును విడదీయవలెను. బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని నొక్కక, గ్రుచ్చక, పని అంతటితో ఆపి నిపుణునికి అప్పగింపవలెను. శరీరమందలి స్థిర విద్యుత్తు సున్నితమైన చిప్పులకు హాని చేయును గనుక, భూమితో సంబంధము గల లోహమును ముందుగా తాకి, కార్డును అంచులతోనే పట్టుకొనవలెను.

పాత కార్డుపై ఏ తీగ ఎచ్చట నున్నదో గుర్తించి, తీగల కొనలను నిలువుగా పైకి లేపవలెను. ప్రక్కకు లాగినచో అవి విరుగును. కార్డును బిగించిన మరను విప్పగా, అది ఏటవాలుగా పైకి లేచును. దానిని మెల్లగా వెలుపలికి లాగి, కొత్తదానిని అదే ఏటవాలున గాడిలో చొప్పించి, క్రిందికి ఒత్తి, మర బిగింపవలెను. తీగల కొనలను కార్డుపైనున్న చిన్న వలయములమీద సరిగా నిలిపి ఒత్తినపుడు సన్నని చప్పుడుతో అవి కూర్చుండును. బలప్రయోగము ఇచట పనికిరాదు. పిమ్మట బ్యాటరీని కలిపి, మూత బిగించి, డ్రైవరును అమర్చవలెను. 6 గిగాహెర్ట్జ్ పట్టీని ఆశించువారు విండోస్ 10 దానికి చాలదనియు, విండోస్ 11 కావలెననియు ఎరుగవలెను.

ఈ చిన్న పనివలన కలుగు ప్రయోజనము ఒక్క ఇంటితో ఆగునది కాదు. 2022వ సంవత్సరమున ప్రపంచమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడినట్లును, వానిలో సక్రమముగా సేకరించి పునర్వినియోగమునకు పంపినట్లు లెక్కకెక్కినవి 22.3 శాతము మాత్రమే యైనట్లును ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపినది. పారవేసిన ప్రతి యంత్రమును ఆ కుప్పను పెంచును. అందలి సీసము మొదలగు పదార్థములు మట్టిని, నీటిని విషపూరితము చేయును. తీసివేసిన పాత కార్డును సైతము చెత్తబుట్టలో వేయక, ఇట్టి వ్యర్థములను స్వీకరించు కేంద్రమునకే ఇయ్యవలెను.

యంత్రములను వాడుట నేడు అందరును ఎరిగిన విద్యయే. ఏ భాగము ఏ పని చేయుచున్నదో తెలిసికొని, లోపమున్నచోటనే చేయిపెట్టుట వేరొక విద్య. ఆ రెండవ విద్య యున్న ఇంట అప్పు తప్పును, చదువు సాగును, ఇంకను పనికివచ్చు వస్తువు కుప్పపాలు కాకుండును.